పాత పెట్రోలు పంపుల అసలు రంగు
అమెరికాలో 1920, 30 దశకాల నాటి పెట్రోలు పంపులను పునరుద్ధరించేవారికి తుప్పు వదిలించడం కన్నా రంగు నిర్ణయించడమే క్లిష్టమైన పని. ఎందుకంటే ఒకే పంపు చమురు కంపెనీల మధ్య చేతులు మారినప్పుడల్లా, టెక్సకో ఎరుపు నుండి గల్ఫ్ నారింజకో సింక్లెయిర్ ఆకుపచ్చకో మారుతూ వచ్చి ఉండవచ్చు. ఆ రంగు పొరలన్నీ తమ తమ కాలాలకు నిజమైనవే కనుక, ఏ సంవత్సరపు రూపం కావాలో ముందే తేల్చుకోవాలి.

పేరు పలక కింద, తలుపు లోపలి అంచున, అంటే ఎండ సోకని చోట, చిన్న పల్లెంలా వాలుగా రుద్దితే పొరలు వలయాలుగా బయటపడతాయి. అయితే అడుగున లోహాన్ని కాపాడే ప్రైమరును తొలి రంగుగా పొరబడరాదు. ఈ రంగుల్లో తరచు సీసం ఉంటుంది కనుక తడిపి రుద్దడమే క్షేమం. ఎండకు ఎరుపు వెలుస్తుందని అందరికీ తెలిసినదే గాని, అవిసె నూనెతో కలిపిన రంగులు చీకటిలో పసుపుబారుతాయన్న సంగతిని చాలామంది మరచిపోతారు. అందుచేత బయటపడిన భాగానికి కొన్నాళ్లు వెలుతురు తగలనిచ్చి, ఆ తరువాతే పగటివేళ నమూనా పట్టీలతో పోల్చాలి. పాత ప్రకటనల్లో కనిపించేది అచ్చు సిరా రంగు కనుక, దానిని నమ్మి రంగు డబ్బా కొనడం తొందరపాటే.