మీకు తెలుసా? టోపీ పెట్టించుకోకుండా టోపీ కొనొచ్చు!

అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. 1865 ఏప్రిల్ 14న, తన మీద కాల్పులు జరిగిన రాత్రి, ఫోర్డ్స్ థియేటర్‌కి ఆయన పెట్టుకెళ్లిన పొడుగాటి నల్ల పట్టు టోపీ ఇప్పటికీ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. దాని సైజు ఎంతో తెలుసా? 7⅛. అంటే తల చుట్టుకొలత సుమారు 57 సెంటీమీటర్లు. దర్జీ టేపు ఒకటి తెచ్చి, కనుబొమలకి కాస్త పైగా, చెవుల మీదుగా చుట్టి చూసుకోండి. మీలో చాలామందికి లింకన్ టోపీ సరిపోతుంది!

ఇంతకీ ఈ ఏడు ఎక్కణ్నుంచి వచ్చింది? తల గుండ్రంగా ఉందనుకుని, చుట్టుకొలతని అంగుళాల్లో తీసుకుని 3.14తో భాగిస్తే వచ్చే లెక్క అది. అమెరికా వాళ్లు 7⅛ అని రాసే తలకి బ్రిటిష్ వాళ్లు 7 అనే రాస్తారు. అంటే ఆన్‌లైన్ వేలంలో లండన్ నుంచి ఒక ఏడు, న్యూయార్క్ నుంచి ఒక ఏడు కనిపిస్తే ఆ రెండూ ఒకటి కావన్నమాట. ఇది చాలదన్నట్టు, టోపీ లోపల నుదుటికి ఆనే తోలు పట్టీ ఏళ్లు గడిచేకొద్దీ ఎండి బిగుసుకుపోతుంది. చీటీ మీద 7⅛ అని ఉన్న టోపీ ఇంటికొచ్చాక నెత్తికెక్కకపోవచ్చు. అందుకని పాత టోపీల వేటలో తలపండినవాళ్లు అమ్మేవాణ్ని సైజు అడిగి ఊరుకోరు. లోపల టేపు పెట్టి కొలిచి ఫోటో పంపమంటారు.

పెద్ద తలలవాళ్లకి ఒక చేదు కబురు. లింకన్ పెట్టుకున్న తరహా టోపీకి వాడే నిగనిగలాడే పట్టు ప్లష్ గుడ్డని నేసేవాళ్లు ఇప్పుడు లేరు. ఒకప్పుడు ఫ్రాన్స్‌లోని లియోన్‌లో నేసేవాళ్లు. ఆ మగ్గాలు పోయాయి, ఆ పనితనమూ పోయింది. ఇంగ్లండ్‌లో యాస్కట్ గుర్రప్పందేలకి దర్జాగా వెళ్లాలనుకునే పెద్దమనుషులకి పాత సరుకే దిక్కు. ఆ పాత సరుకులో చిన్న సైజులే ఎక్కువ. తల పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది.

లింకన్ పోయిన ఆ 1865లోనే ఫిలడెల్ఫియాలో జాన్ బి. స్టెట్సన్ అనే ఆయన టోపీల వ్యాపారం మొదలుపెట్టాడు. ‘బాస్ ఆఫ్ ద ప్లెయిన్స్’ అని ఆయన చేసిన వెడల్పు అంచు టోపీయే తర్వాత కౌబాయ్ టోపీకి మూలమైంది. ఫిలడెల్ఫియాలోని ఆ కర్మాగారం 1971లో మూతపడింది. తమాషా ఏమిటంటే, మన కృష్ణగారు కౌబాయ్ టోపీ పెట్టుకుని ‘మోసగాళ్లకు మోసగాడు’గా దిగిందీ ఆ ఏడాదే. అక్కడ కొలిమి ఆరింది, ఇక్కడ ఫ్యాషన్ రాజుకుంది!

మరి వేలంలో కనబడే స్టెట్సన్ ఏ కాలందో తెలిసేదెలా? పైకి చూస్తే తెలిసేది కొంతే. 1940ల ఫెడోరా టోపీలకి అంచు వెడల్పు, 1960ల నాటికి అది బొత్తిగా సన్నబడింది. (అధ్యక్షుడు కెనడీ టోపీ మానేయడం వల్లే టోపీలు పోయాయని చెప్పుకుంటారు కానీ, 1961లో ప్రమాణ స్వీకారానికి ఆయన పట్టు టోపీతోనే వచ్చాడు.) అసలు జాతకం లోపల ఉంటుంది. తోలు పట్టీని మెల్లగా వెనక్కి మడిస్తే దాని వెనక తపాలా బిళ్లంత చీటీలు కనిపిస్తాయి. ఒకటి సైజుది, ఒక్కోసారి ఇంకొకటి కార్మిక సంఘానిది. టోపీ కార్మికుల సంఘం, కుట్టు టోపీలవాళ్ల సంఘం 1934లో కలిసిపోయాయి. కలిసిన సంఘం పేరు చీటీ మీద ఉంటే ఆ టోపీ 1934కి ముందుది కావడానికి వీల్లేదు. అమ్మేవాడు ‘1920లది’ అని ఎంత బల్లగుద్ది చెప్పినా సరే.

టోపీ పెట్టె మీదో, లోపలి అస్తరు మీదో కొట్టు చిరునామా ఉంటే మరీ మంచిది. అమెరికా పెద్ద నగరాల్లో ఊరి పేరు తర్వాత ఒకటి రెండంకెల పోస్టల్ జోన్ వేయడం 1943లో మొదలైంది. 1963లో ఐదంకెల జిప్ కోడ్ వచ్చింది. చిరునామాలో ఊరు పక్కన ఊరికే 17 అనో 23 అనో ఉందంటే ఆ ఇరవై ఏళ్లదేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. నన్నడిగితే, అమ్మేవాడు రాసిన పది వాక్యాల వర్ణన కంటే ఆ రెండంకెలు నమ్మదగినవి.

ఇక లోపల 3ఎక్స్, 5ఎక్స్, 10ఎక్స్ అని అచ్చు కనిపిస్తే మురిసిపోకండి. ఎక్స్‌లు ఎక్కువైతే టోపీ చేసే ఫెల్ట్‌లో బీవర్ అనే జంతువు బొచ్చు ఎక్కువని ఒక నమ్మకం. కానీ బంగారానికి హాల్‌మార్క్ ఉన్నట్టు దీనికి అందరికీ వర్తించే కొలమానం ఏదీ లేదు. ఏ కంపెనీ ఎక్స్‌లు ఆ కంపెనీవే.

మన ఊళ్లలో వేలం అంటే ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! మూడోసారి అనేలోపు ఎవరైనా పాట పెంచితే మళ్లీ మొదటికొస్తుంది. ఆన్‌లైన్ వేలాల సైటు ఈబేలో అలా కాదు. గడియారం సున్నాకి చేరిందా, పాట ముగిసినట్టే. అందుకే ఏడు రోజుల వేలంలో ఆరున్నర రోజులు ఈగలు తోలుకుంటున్నట్టు ఉండి, చివరి పది సెకన్లలో యుద్ధం జరుగుతుంది. దీన్ని ‘స్నైపింగ్’ అంటారు, చాటునుంచి గురిపెట్టి కొట్టడం. ఆల్విన్ రాత్, యాక్సెల్ ఆకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీనిమీద 2002లో ఏకంగా పరిశోధన పత్రం అచ్చేశారు. ఆ రోజుల్లో అమెజాన్ కూడా వేలంపాటలు నడిపేది. అక్కడ చివర్లో ఎవరైనా పాడితే గడువు పొడిగించేవారు. అందుకే ఈ ఆఖరి నిమిషపు తొక్కిసలాట ఈబేలో ఉన్నంతగా అక్కడ లేదని వాళ్లు లెక్కతో చూపించారు. రాత్‌కి 2012లో నోబెల్ వచ్చింది. అది టోపీల పాటకి కాదులెండి, వేరే పనికి.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. మీరు వంద డాలర్ల దాకా పాడదలిస్తే ఆ మాట ముందే చెప్పి ఊరుకోవచ్చు, మీ తరఫున యంత్రమే పాడుతుంది. అవతలివాడు అరవై దగ్గర ఆగితే మీరు కట్టేది అరవై మీద ఒక మెట్టు, అంతే. వంద పోదు. కాబట్టి ఆవేశం పెరగని వేళలో, మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఆ టోపీ మీకు ఎంత విలువో ఒక అంకె రాసుకోండి. ఈబే భారతదేశపు అంగడి 2018లో మూతపడింది కాబట్టి మనకి సరుకు విదేశాల నుంచే రావాలి. రవాణా ఖర్చూ కస్టమ్స్ సుంకమూ ఆ అంకెలోనే కలుపుకోవాలి. చాలా టోపీల మోజు ఈ కూడికతోనే తీరిపోతుంది.

తప్పు స్పెల్లింగు మీకు మేలు చేస్తుందని తెలుసా? ఇటలీలోని అలెస్సాండ్రియాలో 1857లో పుట్టిన బోర్సలీనో టోపీలకి మంచి గిరాకీ. ఆ పేరు సరిగ్గా రాసిన టోపీ చుట్టూ పాటగాళ్లు మూగుతారు. అమ్మేవాడు ‘బోర్సొలినో’ అనో ‘స్టెట్సెన్’ అనో కొట్టాడంటే వెతికేవాళ్లకి అది కనిపించకుండా పోవచ్చు. తప్పుల పేర్లతో కూడా వెతికేవాడికి పోటీ తక్కువ.

కొన్న టోపీని ఆవిరి పట్టి సాపు చేద్దామనుకుంటున్నారా? ఆగండి. కుందేలు, బీవర్ బొచ్చు ఒకదానికొకటి పెనవేసుకుని ఫెల్ట్ కావడానికి పూర్వం మెర్క్యురిక్ నైట్రేట్ పట్టించేవారు. పాదరసపు పొగకి పనివాళ్ల చేతులు వణికేవి, మతి చలించేది. టోపీల ఊరుగా పేరుపడ్డ కనెక్టికట్‌లోని డాన్‌బరీలో ఆ జబ్బుకి ‘డాన్‌బరీ వణుకు’ అని పేరే పెట్టారు. అమెరికాలో ఆ వాడకాన్ని ఆపింది 1941 డిసెంబరులో. అంతకు ముందటి ఫెల్ట్‌లో పాదరసం ఇంకా మిగిలి ఉండొచ్చని మ్యూజియంవాళ్లు చేతులకి తొడుగులు వేసుకుని మరీ ముట్టుకుంటారు. మనం ఇంట్లో ఇడ్లీపాత్ర ఆవిరి మీద పెట్టడం తెలివైన పని కాదు.

ఆడవాళ్ల టోపీల కథ ఇంకా దారుణం. 1886లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షిశాస్త్రవేత్త న్యూయార్క్ వీధుల్లో నడుస్తూ 700 టోపీలు లెక్కపెట్టాడు. 542 టోపీల మీద ఈకలున్నాయి. 40 జాతుల పక్షులవి! ఈడుకొచ్చిన తెల్లకొంగ వీపున మొలిచే తురాయి కోసం గూళ్లలోనే తల్లుల్ని చంపేవారు. మన దేశం నుంచీ ఆ ఈకలు ఓడలెక్కేవి. 1902లో ఇక్కడి ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. అమెరికా 1918లో వలస పక్షుల చట్టం చేసింది. అది నేటికీ అమలులో ఉంది. ఆ చట్టం కాపాడే పక్షి ఈక ఉన్న టోపీ మీ ముత్తవ్వదైనా సరే, అక్కడ అమ్మడం నేరం. నిప్పుకోడి ఈక, కోడి ఈక అయితే ఇబ్బంది లేదు. ఏ ఈకో తెలియనప్పుడు ఆ టోపీ జోలికి పోకపోవడమే మంచిది.

చివరిగా మన టోపీ. దొరల కాలపు గుండ్రటి ఖాకీ టోపీని వేలాల్లో చాలామంది ‘సోలార్ హ్యాట్’ అని రాస్తారు. ఎండ కాచేది కదా, సూర్యుడి పేరేమో అనుకుని. అది తప్పు. సోలా అనేది చెరువుల్లో, నీటిపల్లాల్లో పెరిగే మొక్క. మనం జీలుగు బెండు అనేది దాన్నే. ఆ బెండుని అతికి, పైన గుడ్డ తొడిగి చేసిన టోపీ ‘సోలా టోపీ’. మీ తాతగారు రెవెన్యూలోనో రైల్వేలోనో పనిచేసి ఉంటే అటక మీద ఒకటి దొరికినా దొరకొచ్చు. దొరికితే తడి తగలనివ్వకండి, బెండు నీళ్లు పీల్చేస్తుంది. పాతసామాన్లవాడికి ఇచ్చేముందు లోపలి తోలు పట్టీ మడిచి చూడండి, కొట్టు పేరూ ఊరూ కనిపిస్తే ఫోటో తీశాకే బేరం మాట్లాడండి.