వాడిన నీటికి సొమ్ము ఎవరు పెట్టాలి?

దసమంతపూర్ పరిసరాల పల్లెలలో బోరింగు ప్రక్కన, కుళాయి గట్టు దగ్గర నిలిచే మడుగును చూడనివారు ఉండరు. అంట్లు తోమిన నీరు, స్నానపు నీరు బాట మీదికి పారి బురదవుతున్నది. వేసవిలో అదే వీధిలో పెరటి వంగమొక్క నీరు లేక వాడిపోతున్నది. ఈ నీటిని వడకట్టి మళ్ళీ వాడుకుందామంటే ఎవరూ కాదనరు. ఆ ఏర్పాటును ఒక వీధి నుండి ఊరంతటికీ విస్తరించుదాము, ఖర్చు ఎవరిది అన్నప్పుడే సభలో మాట ఆగుతుంది.

ఈ ప్రశ్నను మనకన్న ఎంతో పెద్ద ఎత్తున ఎదుర్కొన్నది మరొక సరిహద్దు జిల్లా, తెలుగువారు ఎందరో నివసించే కర్ణాటకలోని కోలారు. బెంగుళూరు కోరమంగల-చల్లఘట్ట లోయ మురుగునీటిని శుద్ధి చేసి, రోజుకు 44 కోట్ల లీటర్ల చొప్పున ఎండిన చెరువులకు ఎత్తిపోసే పథకం అది. 1,200 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయాన్ని ప్రభుత్వం భరించింది. 2018 జూన్‌లో లక్ష్మీసాగర చెరువుకు నీరు చేరింది. రైతు చేతి నుండి పైకము తీసుకోలేదు.

అంతమాత్రాన రైతుపై భారం లేదనుకోవడం తొందరపాటు. 2018 జూలైలో చెరువులో నురగ తేలింది. వివాదం హైకోర్టుకు, అటుపై సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ నీరు రెండవ దశ వరకే శుద్ధి అయినది. చెరువు నుండి నేరుగా తోడుకొనరాదు, భూమిలో ఇంకి బోర్లకు చేరవలెనన్నది నియమం. భూగర్భజలం పెరిగినందుకు సంతోషించిన రైతులున్నారు. మూడవ దశ శుద్ధి కూడా చేయాలని పోరాడినవారూ ఉన్నారు. ఆ మూడవ దశ ఖర్చు ఎవరిది? నీటిని పాడుచేసిన నగరవాసిదా, ప్రభుత్వానిదా, కరవుకు తాళలేక ఆ నీటిని ఒప్పుకున్న రైతుదా?

కాలుష్యం చేసినవాడే దాని నష్టాన్ని భరించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు తోళ్ళ కర్మాగారాల కేసులో ఈ దేశపు చట్టంలో భాగమని చెప్పింది. ఆ లెక్కన, నీరు ఎవరికీ హాని చేయని స్థితికి వచ్చేవరకు ఖర్చు నగరానిదేనని మా అభిప్రాయం. అంతకుమించి తన అవసరానికి తగినట్లు మెరుగు పరచుకొనదలచినవారు ఆ పైఖర్చు పెట్టుకోవాలి. నాగపూరులో జరిగినది ఇంచుమించు ఇదే. నగరపాలక సంస్థ మురుగునీటిని కొరాడి విద్యుత్ కేంద్రానికి ఇచ్చింది. కేంద్రప్రభుత్వ సాయం పోగా శుద్ధి ఖర్చును విద్యుత్ సంస్థ మహాజెన్‌కో భరించింది, పైగా నగరానికి ఏటా రుసుము చెల్లించేందుకు ఒప్పుకున్నది. అయితే 2016 జనవరి నాటి జాతీయ విద్యుత్ ధరల విధానం మరొక మెలిక పెట్టింది. మురుగుశుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపలి థర్మల్ కేంద్రాలు ఆ నీటినే వాడాలి, అందుకయ్యే ఖర్చును విద్యుత్ ధరలో కలుపుకోవచ్చు. అంటే చివరకు చెల్లించేది ఇంట్లో దీపం వెలిగించుకునేవారే!

ఇక మన ఊరి లెక్క. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. 800 మంది గల ఊరికి 44,000 లీటర్లు. అందులో మూడింట రెండు వంతులు వాడిన నీరుగా బయటికి వస్తుందనుకున్నా దాదాపు 29,000 లీటర్లు. (మరుగుదొడ్డి నీరు ఇందులో లేదు, దానిని ఇందులో కలుపరాదు.) 2020లో మొదలైన స్వచ్ఛభారత్ రెండవ దశలో 5,000 లోపు జనాభా గల ఊళ్ళకు ఈ పనికి తలకు 280 రూపాయల చొప్పున నిర్ణయించారు. మన 800 మందికి 2,24,000 రూపాయలు. ఇందులో 30 శాతం, అనగా 67,200 రూపాయలు, పంచాయతీకి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల నుండి పెట్టాలన్నది ఏర్పాటు.

కట్టడానికి ఇట్లా దారి ఉన్నది. పూడిక తీయడానికి, గులకరాళ్ళు కడగడానికి, పగిలిన గొట్టం మార్చడానికి సొమ్ము ఏదీ? ఇక్కడే చిక్కు. కొండ పల్లెలో పై గుంపు నీరు క్రింది గుంపు వైపు పారుతుంది. క్రిందివారికి అరటి, కూరపాదులు పండుతాయి. పైవారికి కాలువ శుభ్రం చేసే పని మిగులుతుంది. ఇంటింటికీ సమానంగా చందా వేస్తే పైవారికి అన్యాయం. పారే నీటిని వాడుకునే పెరళ్ళవారు నిర్వహణకు ఎక్కువ ఇవ్వాలి. భూమి లేనివారు, ఒంటరి ముసలివారు పైకానికి బదులు ఒక పూట శ్రమ ఇస్తే చాలు. కుళాయి పథకంలోనే కొండ, అటవీ గ్రామాలకు, సగానికి పైగా ఆదివాసీ, దళిత జనాభా ఉన్న గ్రామాలకు ప్రజల వాటాను 10 నుండి 5 శాతానికి తగ్గించి, దానిని శ్రమరూపంలో కూడా ఇవ్వవచ్చునని అన్నారు. అదే పద్ధతిని దీనికీ వర్తింపజేయమని అడగడంలో తప్పులేదు.

కోరాపుట్, రాయగడ జిల్లాలు రెండూ షెడ్యూల్డు ప్రాంతాలు. పల్లిసభలో విస్తరణ తీర్మానం చదివినప్పుడు పూడికతీత ఖర్చు ఏ పద్దు క్రింద వ్రాశారో అడగండి. ఆ గడి ఖాళీగా ఉంటే, అది నింపిన తరువాతనే వ్రేలిముద్ర వేయండి.