మీకు తెలుసా? తొమ్మిదింటితో నిలిచిన జాతి

నిటారు కొమ్ముల తెల్లని అరేబియన్ ఓరిక్స్ జింకల్లో ఎడారిలో మిగిలిన చివరివాటిని 1972లో ఒమన్‌లో వేటగాళ్లు చంపేశారు. అయినా ఆ జాతి బతికే ఉంది! పదేళ్ల ముందే, 1962లో, బ్రిటన్‌లోని ఫానా ప్రిజర్వేషన్ సొసైటీ చొరవతో ‘ఆపరేషన్ ఓరిక్స్’ మొదలైంది. ఏడెన్ ప్రాంతంలో పట్టినవి మూడు, లండన్ జూ ఇచ్చింది ఒకటి, కువైట్ నుంచి ఒకటి, సౌదీ అరేబియా నుంచి నాలుగు... అన్నీ అమెరికాలోని ఫీనిక్స్ జూకు చేరాయి. అరేబియాను పోలిన పొడి వాతావరణం అక్కడ ఉంది మరి. తొమ్మిదింటి మీద ఒక జాతి భవిష్యత్తును పెట్టడం నిజంగా సాహసమే. 1982లో వాటి సంతతిని ఒమన్ ఎడారిలో వదిలారు. స్థానిక హరాసిస్ తెగవారే కాపలా కాశారు. తర్వాత దొంగవేట మళ్లీ దెబ్బతీసినా, ఇతర దేశాల్లోనూ మందలు పెరిగాయి. 2011లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ జాతికి ముప్పు స్థాయిని ఒక మెట్టు తగ్గించింది.