బరువు తగ్గించే శస్త్రచికిత్సకు ముందు.. అనుభవజ్ఞుల తోడు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: వైద్యుడు చీటీ రాసిచ్చారు. చేయించుకోవాల్సిన పరీక్షల జాబితా చేతిలో ఉంది. ఇంట్లో మాత్రం ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెబితే 'నోరు కట్టేసుకుంటే పోయేదానికి పొట్ట కోయించుకోవడం ఎందుకు' అంటారేమోనన్న భయం. చెప్పకపోతే ఆ రోజున పక్కన ఎవరుంటారోనన్న దిగులు. స్థూలకాయంతో బాధపడుతూ బేరియాట్రిక్ శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారిలో చాలామంది పరిస్థితి ఇదే.

మన పట్టణాల్లో ఈ ఒంటరితనం మరింత ఎక్కువ. ఇలాంటి చికిత్సకు సాధారణంగా హైదరాబాద్‌కో, విజయవాడకో వెళ్లాల్సి వస్తుంది. చేయించుకుని వచ్చినవారు ఆ సంగతి నలుగురికీ చెప్పుకోరు. పక్క వీధిలోనే ఈ దారిలో నడిచి వచ్చిన మనిషి ఉన్నా ఆ విషయం తెలియక మరొకరు రాత్రంతా నిద్రలేకుండా ఆలోచిస్తుంటారు. శస్త్రచికిత్సకు ముందే అలాంటి అనుభవజ్ఞులను కలిసి మాట్లాడటం ఎందుకు అవసరం, వారిని ఎలా వెతుక్కోవాలి, వారి మాటల్లో దేన్ని స్వీకరించాలి, దేన్ని వదిలేయాలి.. వీటిపై కథనం.

ఎవరికి ఈ చికిత్స

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న మహిళల్లో సుమారు 30 శాతం, పురుషుల్లో సుమారు 32 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయంతో ఉన్నారు. వీరందరికీ శస్త్రచికిత్స అవసరం లేదు. ఆహార నియమాలు, వ్యాయామం, మందులతో ఫలితం రానివారికి, బరువు వల్ల మధుమేహం, రక్తపోటు, నిద్రలో శ్వాస ఆగిపోవడం వంటి ఇబ్బందులు ముదిరినవారికి వైద్యులు దీన్ని సూచిస్తారు.

ఇందుకు శరీర బరువు సూచీని కొలమానంగా తీసుకుంటారు. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఎత్తును అదే సంఖ్యతో హెచ్చించగా వచ్చినదానితో భాగిస్తే ఈ సూచీ వస్తుంది. ఉదాహరణకు 1.60 మీటర్ల ఎత్తు, 96 కిలోల బరువున్న వ్యక్తి సూచీ 37.5. సూచీ 40 దాటినవారికి, లేదా 35 దాటి తీవ్రమైన అనుబంధ జబ్బులున్నవారికి శస్త్రచికిత్స చేయవచ్చని 1991లో అమెరికా నిపుణులు ప్రమాణం నిర్దేశించారు. 2022లో అమెరికా, అంతర్జాతీయ బేరియాట్రిక్ వైద్య సంఘాలు దాన్ని సవరించాయి. 35 దాటితే జబ్బులతో నిమిత్తం లేకుండా సిఫార్సు చేయవచ్చని పేర్కొన్నాయి. ఆసియా వాసులకు తక్కువ బరువులోనే మధుమేహం వచ్చే అవకాశం ఉన్నందున వారి విషయంలో 27.5 నుంచే పరిశీలించవచ్చని తెలిపాయి. ఎవరికి ఏది తగినదో తేల్చాల్సింది మాత్రం పరీక్షించిన వైద్యులే.

వైద్యుడు చెప్పేది.. అనుభవజ్ఞుడు చెప్పేది

మన దేశంలో ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగించి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా మారుస్తారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయాన్ని చిన్న సంచిలా వేరుచేసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. రెండూ పొట్టపై చిన్న రంధ్రాలు చేసి, కెమెరా సాయంతో చేసేవే. చర్మం కింద కొవ్వును పీల్చి తీసే లైపోసక్షన్‌కూ, వీటికీ సంబంధం లేదు. ఈ తేడా తెలియక భయపడేవారూ, అదే ఇదనుకుని తేలిగ్గా తీసుకునేవారూ ఉన్నారు.

ఇంతవరకు వైద్యుడు చెబుతారు. ప్రమాదాలు, ఖర్చు, ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు కూడా వివరిస్తారు. అయితే మొదటి వారంలో గుక్కెడు నీళ్లు తాగడానికి ఎంతసేపు పడుతుంది, అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు మనసు ఎలా ఉంటుంది, మూడో నెలలో దువ్వెనకు జుట్టు ఊడివస్తుంటే ఎంత కంగారు పుడుతుంది.. ఇవి అనుభవించినవారికే తెలుస్తాయి. త్వరగా బరువు తగ్గినప్పుడు మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలడం తరచూ కనిపించేదేనని, పోషకాహారం సరిగా తీసుకుంటే చాలామందిలో తిరిగి వస్తుందని వైద్యశాస్త్రం చెబుతోంది. అదే మాటను ఆ దశ దాటిన మనిషి చెబితే కలిగే ధైర్యం వేరు.

బైపాస్ చేయించుకున్నవారు తీపి ఎక్కువగా తింటే ఒళ్లంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కళ్లు తిరిగినట్లవుతుంది. దీన్ని వైద్యులు డంపింగ్ అంటారు. పుస్తకంలో చదివినప్పుడు ఇది ఒక పదం. పెళ్లి విందులో లడ్డూ తిని పక్క గదిలో పడుకోవాల్సి వచ్చినవారి నోట విన్నప్పుడు అది ఒక జాగ్రత్త.

ఒకరికొకరు.. పాత సూత్రమే

ఒకే బాధ పడుతున్నవారు కూర్చుని మాట్లాడుకోవడం వైద్యంలో కొత్తదేమీ కాదు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో మద్యం మానలేక సతమతమవుతున్న ఒక షేర్ల వ్యాపారి, ఒక వైద్యుడు కలుసుకుని మాట్లాడుకోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది. అదే పద్ధతిలో తిండిపై అదుపు కోల్పోయినవారి కోసం 1960లో లాస్ ఏంజెలెస్‌లో ఓవర్‌ఈటర్స్ అనానిమస్ ఏర్పడింది. బేరియాట్రిక్ చికిత్స పొందినవారు ఇలాంటి సహాయక బృందాల్లో కొనసాగేలా ప్రోత్సహించాలని 2013లో అమెరికా వైద్య సంఘాలు తమ మార్గదర్శకాల్లో చేర్చాయి.

మన ప్రాంతానికి ఈ సూత్రం పరాయిది కాదు. వాడవాడలా ఉన్న మహిళా పొదుపు సంఘాలు నడుస్తున్నది దీనిపైనే. పది మంది ఒకచోట కూర్చుంటే ఒకరి కష్టం మరొకరికి తెలుస్తుంది, ఒకరి మాటకు మరొకరు కట్టుబడతారు.

వెతుక్కోవడం ఇలా..

మొదటి మార్గం చికిత్స చేయబోయే ఆసుపత్రే. బేరియాట్రిక్ బృందంలో శస్త్రవైద్యుడితో పాటు పోషకాహార నిపుణులు, మానసిక నిపుణులు, రోగులతో మాట్లాడే సమన్వయకర్తలు ఉంటారు. 'మా జిల్లా నుంచి వచ్చి చేయించుకున్నవారు ఎవరైనా నాతో మాట్లాడటానికి ఇష్టపడతారేమో కనుక్కుంటారా' అని వారిని అడగాలి. రోగి వివరాలను అతడి అనుమతి లేకుండా ఆసుపత్రి ఇవ్వకూడదు. అందుకే మీ నంబరు ఇచ్చి, ఇష్టమైతే వారినే ఫోన్ చేయమనడం మర్యాద. ఆసుపత్రిలో సహాయక బృంద సమావేశాలు జరుగుతుంటే శస్త్రచికిత్సకు ముందే ఒకటి రెండింటికి హాజరు కావాలి.

రెండో మార్గం వేచి ఉండే గది. పునఃపరీక్షకు వచ్చినవారు అక్కడే కనిపిస్తారు. మాట కలిపితే చాలామంది చెబుతారు. మూడో మార్గం స్థానికంగా మధుమేహం, థైరాయిడ్, కీళ్ల నొప్పులకు చికిత్స చేసే వైద్యులు. వారి వద్దకు వచ్చేవారిలో ఈ చికిత్స పొందినవారు ఉండే అవకాశం ఉంది.

ఏ నగరంలో చేయించుకోవాలన్నదీ ముందే ఆలోచించాలి. సూర్యాపేట నుంచి హైదరాబాద్ సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ వారికి 65వ నంబరు జాతీయ రహదారిపై హైదరాబాద్ కంటే విజయవాడే దగ్గర. మిర్యాలగూడ వారికి సికింద్రాబాద్, గుంటూరు వైపు రైలు సౌకర్యం ఉంది. చికిత్స ఒక్కసారితో అయిపోయేది కాదు. మొదటి ఏడాది పలుమార్లు, తర్వాత ఏటా పరీక్షలకు వెళ్లాలి. దూరాభారంతో మధ్యలో మానేస్తే రక్తహీనత, బి12, డి విటమిన్ల లోపం బయటపడకుండా ముదిరిపోతాయి. అదే ఆసుపత్రికి వెళ్లే మరొకరు తోడుంటే ఇద్దరూ ఒకేరోజు బయలుదేరవచ్చు. ఒకరు బద్ధకించినా మరొకరు గుర్తుచేస్తారు.

ఏం అడగాలి

'ఎన్ని కిలోలు తగ్గారు' అన్న ప్రశ్నతోనే చాలామంది ఆగిపోతారు. తెలుసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి.

* చికిత్సకు ముందు పెట్టిన తక్కువ కేలరీల ఆహార నియమాన్ని ఎలా పాటించారు? జీర్ణాశయానికి అడ్డుగా ఉండే కాలేయంలో కొవ్వు తగ్గి, శస్త్రచికిత్స సులువు కావడానికి సాధారణంగా రెండు వారాలు దీన్ని పాటించమంటారు.
* పొలం, దుకాణం, ఉద్యోగం.. ఎన్ని రోజులకు మళ్లీ పనిలోకి వెళ్లగలిగారు? పిల్లలను, వంటను ఆ రోజుల్లో ఎవరు చూసుకున్నారు?
* రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు ఎలా తీసుకుంటున్నారు? ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. అన్నం ప్రధానమైన మన భోజనంలో ఇది పెద్ద మార్పు. చిన్నదైన జీర్ణాశయంలో ముందు గుడ్డు, చేప, పప్పు, పెరుగుకు చోటివ్వాలి. మిగిలితేనే అన్నం.
* విటమిన్ మాత్రలకు, పరీక్షలకు ఏటా ఎంతవుతోంది? ఇవి జీవితాంతం తప్పవు.
* బరువు మళ్లీ పెరిగిందా? పెరిగితే ఏం చేశారు?
* ముందే తెలిసి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తున్నదేమిటి? అన్నింటికంటే విలువైన జవాబు దీనికే వస్తుంది.

ఖర్చు గురించి మొహమాటం అక్కర్లేదు. సూచీ 40 దాటినవారికి, లేదా 35 దాటి అదుపులేని మధుమేహం, గుండెజబ్బు, నిద్రలో తీవ్ర శ్వాస ఇబ్బంది వంటివి ఉన్నవారికి ఈ శస్త్రచికిత్సను ఆరోగ్య బీమా నుంచి మినహాయించరాదని 2019లో బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు తెచ్చింది. పాలసీలో నిరీక్షణ కాలం ఉంటుంది కాబట్టి ముందుగానే చూసుకోవాలి. ప్రభుత్వ రంగంలో 2023లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి వైద్యులు 240 కిలోల బరువున్న వ్యక్తికి బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేశారు.

ఏది వదిలేయాలి

అనుభవం గొప్పదే అయినా అది ఒక్కరిది. వారి శరీరం, వారి జబ్బులు, వారికి చేసిన శస్త్రచికిత్స వేరు. వారు మానేసిన మధుమేహం మాత్రలను చూసి మీరు మానేయడం, వారి ఆహార పట్టికను మీరు పాటించడం ప్రమాదకరం. 'నాకేం కాలేదు, పరీక్షలన్నీ అక్కర్లేదు' అన్న మాటనూ పట్టించుకోరాదు. నొప్పి మాత్రల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బైపాస్ తర్వాత కొన్ని రకాల నొప్పి మాత్రలు పుండ్లకు దారితీస్తాయి.

ఒకే ఆసుపత్రిని పదేపదే పొగుడుతూ, వెంటనే డబ్బు కట్టమని తొందరపెట్టే వ్యక్తి తోటి రోగి కాకపోవచ్చు. కమీషన్ కోసం మాట్లాడేవారూ ఉంటారు. అందుకే ఒక్కరితో కాక కనీసం ముగ్గురితో మాట్లాడాలి. వారిలో ఒకరు చేయించుకుని ఏడాదిలోపు వారు, ఒకరు మూడు నాలుగేళ్లు దాటినవారు, ఒకరు ఇబ్బందులు ఎదుర్కొన్నవారు అయితే చిత్రం పూర్తిగా కనిపిస్తుంది.

ముగ్గురున్నా చాలు

పెద్ద సంఘమే ఉండాలని లేదు. సూర్యాపేటలో ఒకరు, కోదాడలో ఒకరు, మిర్యాలగూడలో ఒకరు.. ముగ్గురు కలిసినా బృందమే. నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లోనో, పార్కులోనో కూర్చోవచ్చు. వీలు కానప్పుడు ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు. రెండు మూడు నియమాలు పెట్టుకోవాలి. ఇక్కడి మాట బయటకు పోరాదు. ఒకరి బరువుతో మరొకరు పోల్చుకోరాదు. మందుల గురించి సలహా వైద్యులే ఇవ్వాలి.

మహిళలకు ఇది మరింత అవసరం. చికిత్స తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం దాల్చరాదని వైద్యులు చెబుతారు. కొత్తగా పెళ్లయినవారికి ఈ విషయాన్ని అత్తింట్లో చెప్పడమే పెద్ద పరీక్ష. ఆ మాటను ఎలా చెప్పిందో మరో కోడలు వివరిస్తే దారి దొరుకుతుంది.

ఇంటివారినీ కలపాలి

తోటి రోగి నెలకోసారి కలుస్తారు. మూడు పూటలా ఎదురుగా ఉండేది ఇంటివారే. 'అంతేనా వదినా, ఇంకో ముద్ద పెట్టుకో' అని ప్రేమతో వడ్డించేదీ వారే. పెళ్లిళ్లలో, బోనాల్లో, రెండేళ్లకోసారి వచ్చే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో తినకపోతే నొచ్చుకునే బంధువులుంటారు. అందుకే అనుభవజ్ఞులను కలవడానికి వెళ్లేటప్పుడు భార్యనో, భర్తనో, తల్లినో వెంట తీసుకెళ్లాలి. మీరు పది సార్లు చెప్పినా నమ్మనివారు, ఎదుట కూర్చున్న మనిషిని చూసి ఒప్పుకుంటారు.

దాచుకోవాల్సిన తప్పు ఇందులో లేదు. కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ 2011లో బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేయించుకున్నారు. దివంగత అరుణ్ జైట్లీ ఆర్థికమంత్రిగా ఉండగానే 2014లో మధుమేహం అదుపు కోసం చేయించుకున్నారు.

మాటలతో ఆగరానివి

చికిత్స తర్వాత జ్వరం, గుండె వేగంగా కొట్టుకోవడం, తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, ఊపిరి ఆడకపోవడం, కాలి పిక్కలో వాపు కనిపిస్తే బృందంలో అడుగుతూ కూర్చోరాదు. వెంటనే శస్త్రచికిత్స చేసిన వైద్యులకు ఫోన్ చేసి దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్లాలి. అర్ధరాత్రి ఏ నంబరుకు చేయాలో, ఏ వాహనంలో వెళ్లాలో ముందే రాసి పెట్టుకోవాలి.

చికిత్సకు ముందుగానీ, తర్వాతగానీ దిగులు వీడకపోతే, బతకాలనిపించకపోతే అది స్నేహితుల ఓదార్పుతో తీరేది కాదు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్‌ను 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా సంప్రదించవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

అందరినీ కలిసి, అన్నీ విన్నాక కొందరు ముందుకు వెళతారు. కొందరు కొన్నాళ్లు ఆగుదామనుకుంటారు. మందులతో మరోసారి ప్రయత్నిస్తామనేవారూ ఉంటారు. ఏ నిర్ణయమైనా భయంతోనో, ఎవరో తొందరపెట్టారనో కాకుండా తెలిసి తీసుకున్నదై ఉండాలి. చేయించుకుని వచ్చినవారు కూడా ఒక్కమాట గుర్తుంచుకోవాలి. ఇప్పుడు మీరు పడ్డ కష్టమే రేపు మరొకరికి ఎదురవుతుంది. ఆసుపత్రి వేచి ఉండే గదిలో పరీక్షల కాగితాలు పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవారు కనిపిస్తే, పక్కన కూర్చుని మీ సంగతి చెప్పండి.