గెలాక్సీ చిత్రంలో హైడ్రోజన్ ఎరుపు

నక్షత్రం వెలిగే తీరు వేరు, నెబ్యులా వెలిగే తీరు వేరు. నక్షత్రపు కాంతి ఊదా నుంచి ఎరుపు దాకా వర్ణపటమంతా పరుచుకుని ఉంటుంది. పక్కనున్న వేడి నక్షత్రాల అతినీలలోహిత కిరణాలు తగిలి వెలిగే వాయు మేఘం మాత్రం కొన్ని తరంగదైర్ఘ్యాల దగ్గరే గట్టిగా వెలుగుతుంది. హైడ్రోజన్ ఆల్ఫా రేఖ 656.3 నానోమీటర్ల దగ్గర ముదురు ఎరుపులో ఉంటుంది. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ ప్రధాన రేఖ 500.7 దగ్గర నీలి ఆకుపచ్చలో, గంధకపు జంట రేఖలు 671.6, 673.1 దగ్గర ఇంకా ముదురు ఎరుపులో ఉంటాయి. సుదూర ఆకాశాన్ని ఫొటో తీసేవారు రెండు రకాల ఫిల్టర్లు వాడేది ఇందుకే. దాదాపు 100 నానోమీటర్ల వెడల్పున్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో నక్షత్రాల అసలు రంగులు దొరుకుతాయి. 3 నుంచి 7 నానోమీటర్ల వెడల్పే ఉన్న నారోబ్యాండ్ ఫిల్టర్లతో ఒక్కో రేఖ విడిగా దొరుకుతుంది.

సన్నని పట్టీలో చూస్తే రేఖ ఎందుకు తేటపడుతుందో తెలుగు నేల మీద జరిగిన ఒక పరిశీలనే చెబుతుంది. 1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూసిన ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్, సూర్యుని అంచున ఎగసే జ్వాలల్లో హైడ్రోజన్ రేఖలను గమనించాడు. అవి ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, మర్నాడు గ్రహణం లేకుండా, పట్టపగటి ఎండలోనే వాటిని మళ్లీ పట్టుకోగలిగాడు. అతను వాడిన వర్ణపటదర్శిని ఆకాశపు వెలుగును విడదీసి పలచన చేస్తుంది. రేఖలోని కాంతి మాత్రం పలచబడదు. నగరాల వీధి దీపాల మధ్య, వెన్నెల్లో కూడా నెబ్యులాలను చిత్రించడానికి వీలు కల్పించే నారోబ్యాండ్ ఫిల్టర్ వెనుక ఉన్నదీ ఈ సూత్రమే.

రంగుల ఫిల్టర్ల, నారోబ్యాండ్ ఫిల్టర్ల సమాచారాన్ని కలపడంలోని చిక్కు తెలియాలంటే ఎం33 గెలాక్సీని తీసుకోవాలి. సుమారు 27 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ గెలాక్సీ చేతుల నిండా హైడ్రోజన్ మేఘాలున్నాయి. వాటిలో పెద్దదైన ఎన్‌జీసీ 604 అడ్డంగా దాదాపు 1,500 కాంతి సంవత్సరాలు ఉంటుంది. మామూలు రంగుల చిత్రంలో ఇవి లేత గులాబీ చుక్కలుగా నక్షత్రాల వెలుగులో కలిసిపోతాయి. వాటిని పైకి తేవడానికి ఎరుపు ఛానల్ తీసేసి ఆ స్థానంలో హైడ్రోజన్ ఆల్ఫా చిత్రాన్ని పెట్టేవారున్నారు. రెండింటిలో ఏది ప్రకాశంగా ఉంటే దాన్ని ఉంచేవారూ ఉన్నారు. రెండూ తేలిక పనులే గానీ ఫలితం బాగుండదు. ఆల్ఫా ఫిల్టర్‌లోంచి రేఖతోపాటు నక్షత్రాల కాంతి కూడా కొంత వస్తుంది. దాన్ని పెంచి ఎరుపులో వేస్తే, ముసలి నక్షత్రాలతో పసుపు పచ్చగా ఉండాల్సిన గెలాక్సీ నడిబొడ్డు కూడా ఎర్రబారుతుంది. హైడ్రోజన్ లేని చోట హైడ్రోజన్ ఉన్నట్టు చిత్రం అబద్ధం చెబుతుంది.

సరైన దారి ముందు తీసివేత, ఆ తర్వాతే కూడిక. ఎరుపు ఫిల్టర్ 100 నానోమీటర్లు, ఆల్ఫా ఫిల్టర్ 5 నానోమీటర్లు అనుకుందాం. నక్షత్రాలు మాత్రమే ఉన్న చోట నానోమీటరుకు 2 పాళ్ల కాంతి వస్తుంటే ఎరుపులో 200, ఆల్ఫాలో 10 నమోదవుతాయి. అంతే నక్షత్రకాంతి మీద 30 పాళ్ల హైడ్రోజన్ రేఖ కూడా ఉన్న చోట ఎరుపులో 230, ఆల్ఫాలో 40 వస్తాయి. అదే మేఘం ఎరుపులో 15 శాతమే తేడా చూపితే, ఆల్ఫాలో నాలుగింతలు చూపింది. ఇప్పుడు ఎరుపులో ఇరవయ్యో వంతును ఆల్ఫా నుంచి తీసేయాలి. మొదటి చోట 10లోంచి 10 పోయి సున్నా మిగులుతుంది. రెండో చోట 40లోంచి 11.5 పోయి 28.5 మిగులుతుంది. ఎరుపులోనూ రేఖ కొంత ఉండటం వల్ల ఆ కాస్త తగ్గింది; 0.95తో భాగిస్తే సరిగ్గా 30 వస్తుంది. నక్షత్రకాంతి పూర్తిగా పోయి హైడ్రోజన్ ఒక్కటే మిగిలింది.

ఈ లెక్క కుదరాలంటే ప్రకాశాన్ని ఇంకా సాగదీయని, సెన్సార్ కొలతలకు అనుపాతంలోనే ఉన్న చిత్రాలపైనే చేయాలి. చిత్రాలు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవాలి, ఆకాశపు నేపథ్య కాంతి రెండింటిలోనూ ముందే తీసేసి ఉండాలి. ఎక్స్‌పోజర్లు, సెన్సార్ స్పందన వేరుగా ఉంటాయి కాబట్టి ఇరవయ్యో వంతు అనేది ఉన్నదున్నట్టుగా పనికిరాదు. అసలు గుణకాన్ని చిత్రంలోని నక్షత్రాలే చెబుతాయి. తక్కువ తీసివేస్తే నక్షత్రాలు తెల్లగా మిగులుతాయి, ఎక్కువ తీసివేస్తే వాటి చోట నల్లటి గుంటలు పడతాయి. చాలా నక్షత్రాలు నేపథ్యంలో కలిసిపోయే విలువే సరైనది.

అలా వడకట్టిన హైడ్రోజన్‌ను తగినంత పెంచి ఎరుపు ఛానల్‌కు కలుపుతారు. ఇక్కడ చాలామంది మరిచే సంగతి ఒకటుంది. హైడ్రోజన్ ఎరుపులోనే కాదు, 486.1 నానోమీటర్ల దగ్గర బీటా రేఖగా నీలంలోనూ వెలుగుతుంది. మామూలు నెబ్యులాల్లో ఆల్ఫా దీనికి సుమారు 2.86 రెట్లు, దారిలో ధూళి ఉంటే బీటా ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఎరుపుకు కలిపినదానిలో మూడో వంతుకు కాస్త తక్కువగా నీలానికీ కలిపితే మేఘాలు ఇటుక రంగులోకి పోకుండా అసలైన గులాబీ ఛాయలో నిలుస్తాయి.

ఫిల్టర్ ఎంత సన్నగా ఉంటే అంత మంచిదన్న మాట అన్ని గెలాక్సీలకూ వర్తించదు. ఎం33 సెకనుకు 180 కిలోమీటర్ల వేగంతో దగ్గరవుతోంది కాబట్టి దాని ఆల్ఫా రేఖ 0.4 నానోమీటర్లే జరుగుతుంది. కన్యారాశి గుంపులోని ఎం100 సుమారు 1,570 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోంది. దాని రేఖ 3.4 నానోమీటర్లు జరిగి 3 నానోమీటర్ల ఫిల్టర్ బయటే పడిపోతుంది.

ఆక్సిజన్ విషయంలోనూ పద్ధతి ఇదే. దాని రేఖ ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల సరిహద్దులో ఉంటుంది కాబట్టి నక్షత్రకాంతిని ఆ రెండింటి నుంచీ అంచనా కట్టాలి, మిగిలిన రేఖను ఆ రెండింటికీ కలపాలి. ఈ ఓపికకు ఫలితం ఎంతటిదో 2023 జనవరిలో తెలిసింది. డ్రెక్స్‌లర్, స్ట్రాట్నర్, సాంటీ అనే ముగ్గురు ఔత్సాహికులు, వృత్తి ఖగోళవేత్తలతో కలిసి, ఆండ్రోమెడా గెలాక్సీ పక్కన ఒక పెద్ద ఆక్సిజన్ చాపాన్ని ప్రకటించారు. ఆకాశంలో ఎక్కువగా చిత్రించిన గెలాక్సీల్లో ఆండ్రోమెడా ఒకటి. అయినా రంగుల ఫిల్టర్లలో ఆ చాపం ఎవరి కంటా పడలేదు.

మన పాలపుంతలోని నెబ్యులాలకు లెక్క మారుతుంది. 1995లో హబుల్ తీసిన ఈగిల్ నెబ్యులా స్తంభాల చిత్రంలో గంధకాన్ని ఎరుపుగా, హైడ్రోజన్‌ను ఆకుపచ్చగా, ఆక్సిజన్‌ను నీలంగా చూపారు. ఏ వాయువు ఎక్కడుందో అందులో తేటతెల్లంగా తెలుస్తుంది. అయితే ఇలాంటి చిత్రాల్లో నక్షత్రాలకు అసలు రంగు ఉండదు, తరచు చుట్టూ వంకాయ రంగు అంచు పడుతుంది. అందుకని స్టార్‌నెట్ వంటి సాఫ్ట్‌వేర్‌తో నారోబ్యాండ్ చిత్రంలోని నక్షత్రాలను తొలగిస్తారు. అదే ప్రాంతాన్ని రంగుల ఫిల్టర్లతో విడిగా తీసి, అందులోంచి నక్షత్రాలను మాత్రం తీసుకుంటారు. నేరుగా కూడితే ప్రకాశం హద్దు దాటి నక్షత్రాల నడిభాగాలు తెల్లగా మారిపోతాయి. సున్నా నుంచి ఒకటి దాకా ఉండే రెండు చిత్రాల విలువలనూ ఒకటిలోంచి తీసివేసి, మిగిలినవాటిని గుణించి, ఆ లబ్ధాన్ని మళ్లీ ఒకటిలోంచి తీసివేస్తే విలువ ఎప్పుడూ ఒకటి దాటదు, నక్షత్రాల ఎరుపు, నీలం చాలావరకు నిలుస్తాయి.