హేతువే వాదానికి ప్రాణం

ఒక విషయాన్ని నమ్మడం వేరు, నిరూపించడం వేరు. నమ్మకానికి ఇష్టం చాలు; నిరూపణకు హేతువు కావాలి. నిర్ణయాన్ని నిలబెట్టే ఆధారమే హేతువు. ఆధారాన్ని బట్టి నిర్ణయానికి వచ్చే పద్ధతిని తర్కం అంటారు. తన ఆధారాన్నీ, ఎదుటివారి ఆధారాన్నీ ఒకే త్రాసులో తూచడం విమర్శనాత్మక ఆలోచన. 2016లో ఏర్పడిన జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల నుంచే ఇందుకు తగిన ఉదాహరణలు తీసుకోవచ్చు.

గౌతముని న్యాయసూత్రాలు సంపూర్ణమైన వాదానికి ఐదు అవయవాలను చెప్పాయి. 17వ శతాబ్దానికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తన 'తర్కసంగ్రహం'లో వీటిని సులభంగా బోధపడేలా వివరించాడు. భూపాలపల్లి సమీపంలోని చెల్పూరులో బొగ్గుతో నడిచే కాకతీయ తాపవిద్యుత్ కేంద్రం ఉంది. దూరం నుంచి దాని పొగగొట్టాన్ని చూసినవాడు ఇలా వాదించవచ్చు:

ప్రతిజ్ఞ: లోపల నిప్పు ఉంది.
హేతువు: పొగ వస్తున్నది కనుక.
ఉదాహరణ: పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింటి పొయ్యిలో వలె.
ఉపనయం: ఇక్కడా అటువంటి పొగే ఉంది.
నిగమనం: కాబట్టి లోపల నిప్పు ఉంది.

పొగకూ నిప్పుకూ గల ఈ విడదీయరాని సంబంధం పేరు వ్యాప్తి. అయితే అదే కేంద్రంలో నీటిని చల్లబరిచే కూలింగ్ టవర్ల నుంచి తెల్లని ఆవిరి లేస్తుంది. దానిని పొగగా భ్రమించి, టవరులో నిప్పు ఉందని వాదిస్తే ఆ వాదం నిలువదు. ఐదు అవయవాలూ వరుసగానే ఉన్నా, చూపిన హేతువు అక్కడ లేదు. ఇలా హేతువులా కనిపించి హేతువు కానిదానిని హేత్వాభాసం అంటారు.

తరచుగా జరిగే మరొక పొరపాటు కాకతాళీయాన్ని కారణంగా భావించడం. మహబూబాబాద్ ప్రాంతపు పల్లెల్లో తాటిచెట్లకు కొదవ లేదు. కాకి వాలగానే తాటిపండు రాలితే, కాకి వల్లనే రాలిందని చెప్పలేము. పండు ముగ్గి రాలే వేళకే కాకి వాలి ఉండవచ్చు. ఒకదాని తరువాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. ఒక వృద్ధురాలు ఇంటి ముందు నుంచి వెళ్లిన మరునాడు బిడ్డకు జ్వరం వస్తే, ఆమె చేతబడి చేసిందనడం ఇటువంటిదే. ఇలాంటి నిందలు మోపి అమాయకులను చంపిన ఘటనలు తెలంగాణ పల్లెల్లో జరిగాయి. కారణాన్ని తప్పుగా ఊహించినందువల్ల ఒకరి ప్రాణం పోతుంది. జ్వరపడిన బిడ్డకు వైద్యమూ ఆలస్యమవుతుంది.

హేతువులను తూచడం సాహిత్యంలోనూ అవసరమే. 15వ శతాబ్దపు మహాకవి పోతన జనగామ జిల్లా పాలకుర్తి సమీపంలోని బమ్మెర వాడని ఒక వాదం. కడప జిల్లా ఒంటిమిట్ట వాడని మరొక వాదం. భాగవతం అవతారికలో ఆయన ఏకశిలానగరాన్ని పేర్కొన్నాడు. ఓరుగల్లు అంటే ఒకే రాయి. ఒంటిమిట్ట అంటే ఒకే మిట్ట. అందుచేత ఆ పేరు తమదేనని రెండు పక్షాలూ అన్నాయి.

"పోతన రామభక్తుడు, ఒంటిమిట్టలో కోదండరామాలయం ఉంది, కనుక ఆయన అక్కడివాడే" అనే హేతువు బలహీనమైనది. రామభక్తులు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. "ఇంటిపేరు బమ్మెర, కనుక ఆయన బమ్మెరలోనే పుట్టాడు" అనేదీ ఒంటరిగా చాలదు. పూర్వులు ఊరు విడిచినా ఇంటిపేరు వెంట వస్తుంది. ఎదుటి పక్షపు లోపాన్ని ఎత్తిచూపి, తన పక్షపు లోపాన్ని దాచడం వివేకం అనిపించుకోదు.

అయితే వేర్వేరు ఆధారాలు ఒకే దిక్కు చూపితే వాదం బలపడుతుంది. బమ్మెర గ్రామం ఓరుగల్లు సీమలో ఉండడం, ఏకశిల అనే మాట ఓరుగల్లుకు సరిగా అతికే అనువాదం కావడం, పోతనదిగా చెప్పే భోగినీదండకంలో రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు నాయకుడు కావడం బమ్మెర పక్షాన్ని దృఢం చేస్తాయి. ఆ దండకం పోతన రచన కాదనేవారూ ఉన్నారు కనుక చివరి ఆధారానికి తూకం తగ్గించాలి. తక్కిన రెండూ అప్పటికీ నిలుస్తాయి.

ఏ వాదం విన్నా విద్యార్థి వేసుకోదగిన ప్రశ్న ఒకటి ఉంది: తనకు ఇష్టం లేని నిర్ణయానికి ఇదే హేతువును ఎవరైనా చూపితే తాను అంగీకరిస్తాడా? అంగీకరించలేనివాడు ఆ హేతువును మరొకసారి పరీక్షించాలి.