ప్యానెల్ ఆగినా ఆట ఆగదు

నలుగురు కలిసి మైన్‌క్రాఫ్ట్ ఆడాలంటే ఆ ఆటలోని లోకం ఎక్కడో ఒక కంప్యూటర్‌లో నడుస్తూ ఉండాలి. అదే గేమ్ సర్వర్. అద్దెకు దొరుకుతుంది, సొంతంగానూ పెట్టుకోవచ్చు. సొంతంగా అంటే ఒకప్పుడు నల్లతెర మీద లినక్స్ కమాండ్లు కొట్టుకోవడమే. ఇప్పుడు ఆ పనిని బ్రౌజర్‌లోకి తెచ్చిన ఓపెన్ సోర్స్ ప్యానెళ్లున్నాయి. వాటిలో బాగా పేరున్నది టెరోడాక్టిల్.

దీన్ని వాడటం మొదలుపెట్టేముందు తెలుసుకోవలసిందల్లా ఇది ఒక్క ప్రోగ్రాం కాదని. కంటికి కనిపించే ప్యానెల్ పీహెచ్‌పీలో రాసిన వెబ్‌సైట్. ఎవరి ఖాతా ఏది, ఎవరికి ఏ సర్వర్ మీద ఎంత అధికారం అన్న లెక్కలు దాని దగ్గరుంటాయి. ఆటను నడిపించేది వింగ్స్ అనే వేరే ప్రోగ్రాం. అది ఒక్కో సర్వర్‌ను ఒక్కో డాకర్ కంటైనర్‌లో పెడుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటుకో కరెంటు మీటరు ఉన్నట్టే, ఏ ఆట ఎంత మెమరీ వాడాలన్న హద్దు దానికే. ఒకటి కుప్పకూలినా పక్కది మామూలుగా నడుస్తుంది.

అందుకే ప్యానెల్‌ను వేరే యంత్రంలో పెడితే, ఆ యంత్రం పడిపోయినా ఆడేవాళ్లకు ఏమీ తెలియదు. ఇందుకు తలకిందులుగా ఇంకోటి జరుగుతుంటుంది: ప్యానెల్ చక్కగా తెరుచుకుంటుంది, సర్వర్‌కు కమాండ్లిచ్చే కన్సోల్ మాత్రం లోడ్ కాకుండా తిరుగుతూనే ఉంటుంది. కన్సోల్ కోసం బ్రౌజర్ నేరుగా వింగ్స్‌తోనే మాట్లాడుతుంది కాబట్టి అప్పుడు చూడవలసింది వింగ్స్ నడుస్తోందా, దాని 8080 పోర్టు తెరిచి ఉందా, సర్టిఫికెట్ గడువు తీరిందా అని. ప్యానెల్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఫలితం ఉండదు.

మెమరీ దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కు 4 జీబీ హద్దు పెట్టి, ఆ నాలుగూ జావా హీప్‌కే రాసిచ్చేస్తారు. జావాకు హీప్ బయట కూడా మెమరీ కావాలి. హద్దు దాటగానే లినక్స్ ఆ ప్రాసెస్‌ను చంపేస్తుంది. ఆడేవాళ్లు మాత్రం ‘నెట్ పోయింది’ అనుకుంటారు.

ఇంట్లో పెట్టుకునేవాళ్లకు అసలు అడ్డంకి వేరే ఉంది. మన దేశంలో చాలా ఇంటర్నెట్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే ఐపీవీ4 చిరునామాను ఎందరో పంచుకుంటారు. అప్పుడు రౌటర్‌లో 25565 పోర్టు తెరిచినా బయటివాళ్లు లోపలికి రాలేరు. స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా ముంబైలోనో మరెక్కడో ఒక వీపీఎస్ (వర్చువల్ సర్వర్) అద్దెకు తీసుకోవాలి. ప్యానెల్ ఈ విషయంలో ఏమీ చేయలేదు.

భద్రత సంగతి కాస్త కటువుగానే చెప్పాలి. 2021 డిసెంబరులో లాగ్4జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు, చాట్‌లో ఒక్క వాక్యం టైపు చేస్తే చాలు, మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ఎదుటివాడి చేతికి పోయే పరిస్థితి వచ్చింది. 2025 జూన్‌లో టెరోడాక్టిల్ ప్యానెల్‌లోనే, లాగిన్ కూడా అక్కర్లేకుండా చొరబడే దారి దొరికింది. 1.11.11 వెర్షన్‌తో దాన్ని మూశారు. అప్‌డేట్ చేసే తీరిక లేనివాళ్లు ప్యానెల్‌ను ఇంటర్నెట్‌కు వదలకుండా వీపీఎన్ వెనక ఉంచడం మేలు.

ఇక బ్యాకప్. షెడ్యూల్ పెట్టుకుంటే ప్యానెలే రోజూ తీస్తుంది. అయితే మామూలు అమరికలో ఆ ఫైలు ఆట ఉన్న యంత్రంలోనే పడుతుంది. డిస్కు పోతే రెండూ పోతాయి. ఎస్3 తరహా స్టోరేజికి పంపే వీలుంది, దాన్ని మొదటిరోజే అమర్చుకోండి. షెడ్యూల్‌లో బ్యాకప్‌కు కొన్ని సెకన్ల ముందు సేవ్-ఆల్ కమాండ్ పడేలా చూడండి. లేకపోతే చివరి నిమిషాల్లో కట్టిన గోడలు ఆ కాపీలోకి రాకపోవచ్చు.